నూరప్ప పాడని పేరు

ముదిగుబ్బలో నూర్ మహమ్మద్ ఇల్లు ఎక్కడ అని అడిగితే చాలామంది తల గోక్కుంటారు. గిటారు నూరప్ప ఇల్లు అంటే మాత్రం బస్టాండులో పండ్లు అమ్మేవాళ్ళు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. ఆ పేరు రావడానికి సగం కారణం ఆయన చేతివేళ్ళు, మిగతా సగం నేను. గొప్పకు చెప్పడం లేదు. ఆయన పాడిన అరవై ఒక్క పాటలకూ మాటలు రాసింది నేనే. నా పేరు వీరభద్రయ్య, ముదిగుబ్బ మెయిన్ రోడ్డులో కిరాణా అంగడి. చదివింది ఏడో తరగతే అయినా, మా బడిలో ఆ ఏడు ఫస్టున పాసైంది నేను. కదిరిలో జరిగిన చేతిరాత పోటీలో రెండో బహుమతి నాది. మొదటి బహుమతి అయ్యవారి కొడుక్కి ఇచ్చారు కాబట్టి అది కూడా నాదే అనుకోవచ్చు. ఇక్కడి వర్తక సంఘానికి రెండుసార్లు కార్యదర్శిగా పనిచేశాను. ఇప్పుడు నాకు డెబ్బై మూడు, నూరప్ప నాకంటే మూడేళ్ళు చిన్న. తన సంగతి తాను రాసుకునే అలవాటు ఆయనకు లేదు. అందుకని నేను రాస్తున్నాను.

నూరప్పది దూది ఏకే ఇల్లు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మనిషెత్తు విల్లు ఒకటి, కొయ్య గూటం ఒకటి. విల్లుకు కట్టిన నరాన్ని గూటంతో కొడుతుంటే టుంగ్ టుంగ్ మని మోగుతూ దూది ఎగిరేది. ఇంటింటికీ పోయి, వసారాలో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వడం వాళ్ళ పని. పదేళ్ళ వయసుకే నూరప్ప ఆ ఒక్క నరం మీద దరువులు వాయించేవాడు. "నాయన కొడితే దూది ఎగురుతాది, వీడు కొడితే దూది కూచోని ఇంటాది" అని వాళ్ళమ్మ అనేది. అది మెచ్చుకోలు కాదు, పని సాగడం లేదని తిట్టు.

డెబ్బై తొమ్మిదిలో మా పక్క వేరుశెనగ పూర్తిగా పోయింది. పంట పోయిన ఏడు పరుపు కుట్టించుకునేవాడు ఎవడు? నూరప్ప విల్లు భుజాన వేసుకుని బెంగుళూరు పోయాడు. ఫ్రేజర్ టౌనులో ఒక ముసలి దొరసాని ఆరు పరుపులు విప్పదీయించింది. పదకొండు రోజుల పని. పదకొండు రోజులూ ఆమె ఇంట్లో ఒకే క్యాసెట్టు తిరిగిందట. పని అయ్యేనాటికి ఆమె ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి పోతోంది. మోసుకుపోలేని సామాను అందరికీ పంచుతూ, దూది ఏకుతూ కూడా తాళం తప్పని మనిషివి నువ్వేనని చెప్పి, నూరప్పకు ఒక పాత గిటారూ ఆ క్యాసెట్టూ ఇచ్చింది.

ఆ క్యాసెట్టు మా అంగడిలో విన్నాం. ఇంగ్లీషు పాటలు. నాకు అక్షరాలు మాత్రం వచ్చు, ఆయనకు అవి కూడా రావు. అట్ట మీద పన్నెండు పాటల పేర్లు వరసగా ఉంటే కూడబలుక్కుని చదివాను. పన్నెండూ ఆడవాళ్ళ పేర్లే. పాటలు కూడా అంతే. పాడేవాడు మధ్యలో ఏమేమో అంటాడు, డ్రమ్ము దబదబ మోగుతుంది, గిటారు గింగిరాలు తిరుగుతుంది, చివరికి అందరూ వచ్చి ఆ పేరు దగ్గర ఆగుతారు. మాకు అర్థమయ్యేది పేరొక్కటే. కానీ అది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే ఉండేది.

"శెట్టీ, ఈ దొరలకు పాట కట్టేకి కత ఏమీ అక్కర్లేదు సూడు. ఒక పేరు దొరికితే సాలు" అన్నాడు నూరప్ప.

"పేర్లకేం కరువప్పా మనకు. వానకు గానీ" అన్నాను నేను.

ఆ రోజే బెల్లం బుట్టల మధ్య మా కంపెనీ పుట్టింది.

మొదటి పాట 'ఇంద్రాణి'. ఆ పేరుతో మాకు ఎవరూ తెలియదు. చివర 'ణీ' అని లాగడానికి వీలుగా ఉంటుందని నేనే ఎంచాను. మాటలు ఇవి:

ఇంద్రాణీ, ఇంద్రాణీ,
ముదిగుబ్బ రైలు కూత పెట్టెనే ఇంద్రాణీ,
నెత్తిన ఎండ నిప్పు పోసెనే ఇంద్రాణీ,
కంది చేను దాటి రావేమే ఇంద్రాణీ.

ఇప్పటికీ దీంట్లో ఒక అక్షరం మార్చాల్సిన పని లేదు. తనకల్లు దగ్గర ఒక ఊళ్ళో పరస, అంటే జాతర, జరుగుతుంటే పట్టపగలు ఈ పాట పాడాం. రెండోసారి 'కంది చేను' దగ్గరికి రాగానే ఒకాయన కర్ర పట్టుకుని స్టేజీ ఎక్కాడు. ఆయన పేరు కొండప్ప అని తర్వాత తెలిసింది.

"ఇంద్రాణి నా పెండ్లాము. కంది చేను నాది. నువ్వెవరప్పా ఆడ ఎదురు సూసేకి?" అన్నాడు.

"అన్నా, ఈ ఇంద్రాణి వేరే ఇంద్రాణి" అన్నాను నేను.

"మా ఊర్లో వేరే ఇంద్రాణి లేదు."

"పాటలో ఇంద్రాణన్నా, నిజం ఇంద్రాణి కాదు."

"అట్లయితే ముదిగుబ్బ రైలు కూడా అబద్ధమేనా?"

నేను ఇంకో మాట అనేలోపే ఆయన మైకు సెట్టు తీగ పీకేశాడు. మేమిద్దరం ఆ మధ్యాహ్నమంతా గొర్రెల దొడ్డిలో కూర్చున్నాం, గొర్రెల కంటే బుద్ధిగా.

అప్పుడు నేనొక పద్ధతి పెట్టాను. ఇలాంటిది అనంతపురం జిల్లాలో ఇంకెవరికీ తట్టి ఉండదు. ఏ పేరు మీద పాట కట్టాలన్నా ముందు ఒప్పుకోలు కాగితం తీసుకోవాలి. నా చేతిరాతతో నమూనా తయారుచేశాను: 'ఫలానా ఊరి ఫలానా వారి భార్య లేక కుమార్తె అయిన ఫలానా పేరును పాటలో వాడుకొనుటకు మాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇట్లు ఇంటి యజమాని.' కింద సంతకం లేదా వేలిముద్ర. పక్కన నా అంగడి ముద్ర.

మొదటి కాగితం మీద సంతకం చేసింది ఎవరో కాదు, కొండప్పే. నెల తిరగ్గానే అంగడికి వచ్చి, బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ పాట ఆపేసినారంట" అన్నాడు.

"నీ కోసమే ఆపినాం కదన్నా."

"అదే తప్పయింది. 'నా పేరు పది ఊర్లు ఇంటాండె, నువ్వు పోయి తీగ పీకితివి' అంటాది మా ఇంటామె. నెలాయె, నాకు సంగటి ముద్ద సక్కగా పడి. యాడ ఎయ్యాల సంతకం?"

ఆ తర్వాత మేము వెనక్కి తిరిగి చూడలేదు. పామిడిలో పెన్న ఇసుక మీద పాడాం, కదిరిలో పాడాం, తనకల్లులో నాలుగుసార్లు పాడాం. ఒక కలెక్టరు గారి ముందు కూడా పాడాం. ఆయన మధ్యలో లేచి పోయారు గానీ వెళ్ళేముందు తల ఊపారు. నర్సు కృపాకుమారి మీద కట్టిన పాటకు ఆమె తండ్రి సంతకం చేశాడు. ప్రశాంతి అనే పాపకు ఇరవై ఒక్క రోజులప్పుడే వాళ్ళ నాయన పాట అడిగాడు. ఇంత చిన్నదానికి పాటెందుకప్పా అని నూరప్ప అంటే, "పెద్దయినాక పనికొస్తాది, ఇప్పుడే కట్టి పెట్టు" అన్నాడు. ఇలా అరవై ఒక్క పేర్లు, అరవై ఒక్క కాగితాలు. పొద్దున పరుపులు, సాయంత్రం పాటలు. పంట పోయిన ఏళ్ళలో పరుపులు తగ్గేవి, పాటలు పెరిగేవి.

అరవై ఒక్క పేర్లలో ఒక పేరు మాత్రం లేదు. ఆయన భార్య సైదాబీ పేరు.

మా పక్క పెండ్లయి కొత్తజంట ఇంట్లోకి వచ్చేటప్పుడు పెండ్లికొడుకు అక్కచెల్లెళ్ళు గడప దగ్గర అడ్డం నిలబడతారు. ఆయన ఆమె పేరు, ఆమె ఆయన పేరు చెప్తే గానీ లోపలికి వదలరు. మా ఇండ్లలో ఎలాగో దూదేకుల వాళ్ళ ఇండ్లలోనూ అలాగే. ఆ ఒక్కసారి చెప్పాక మళ్ళీ ఒకరి పేరు ఒకరు పలకడం పెద్దల కాలంలో లేదు. ఎనభైలో నూరప్ప పెండ్లినాడు నేను ఆ గడప దగ్గరే ఉన్నాను. చెల్లెళ్ళు చేతులు చాపి నిలబడ్డారు. నూరప్ప నోరు తెరిచాడు. ఇంతలో వాళ్ళమ్మ లోపలి నుంచి పరుగున వచ్చి కూతుళ్ళను పక్కకు నెట్టేసింది.

"జరగండే. వాని నోట ఆ పేరు రాకూడదు. మన ఇంటికి అచ్చిరాదు" అంది.

సంగతేమిటంటే, వాళ్ళమ్మ ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చింది. నూరప్ప నాయన మొదటి భార్యను ఒకరోజు చేను గట్టు మీద నుంచి పేరు పెట్టి గట్టిగా పిలిచాడట. ఆమె గబగబా వస్తుంటే పాము కరిచింది. వాళ్ళ తాత విషయంలోనూ ఇలాంటిదే ఏదో చెప్తారు. పాముకు పేర్లతో పనేమిటని నేను వాదించాను గానీ, ఆ గడప దగ్గరే తల్లి వేయించుకున్న ఒట్టు ముందు ఏడో తరగతి చదువు ఎంత? నూరప్ప పేరు చెప్పకుండానే గడప దాటాడు. అప్పటి నుంచి నలభై నాలుగేళ్ళు ఆయన నోట ఆ పేరు రాలేదు. 'ఏమ్మే', 'ఇదో', 'ఇంటాండావా', కూతురి కడుపున నాజ్‌నీన్ పుట్టాక 'నాజ్‌నీన్ అవ్వా'. వీటితోనే సంసారం గడిచింది.

దీని కోసం ఆయన పడ్డ పాట్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఆమె ఆధార్ కార్డు నకళ్ళు నాలుగు మడిచి పెట్టుకుని తిరిగేవాడు. రేషన్ దగ్గర, బ్యాంకు దగ్గర ఎవరు పేరు అడిగినా ఒక నకలు తీసి ఇచ్చేవాడు. రెండేళ్ళ కిందట ఆమెకు గుండెలో స్టెంటు వేయించడానికి అనంతపురం పోయాం. నేనూ వెంట ఉన్నాను.

"పేషంటు పేరు?" అని అడిగింది నర్సమ్మ.

నూరప్ప కాగితం చాపాడు.

"నా చేతులు ఖాళీగా లేవు తాతా, నోటితో చెప్పు."

"సదువుకున్నదానివి కదమ్మా, తీరిగ్గా నువ్వే సదువుకో."

"నీ భార్య పేరు నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పు."

"తెలుసు కాబట్టే సెప్పను."

నేను ముందుకు వచ్చి చెప్పకపోతే ఆ రోజు ఆమెను లోపలికి తీసుకునేవాళ్ళే కాదేమో. మంచం మీద పడుకున్న సైదాబీ ఇదంతా వింటూనే ఉంది.

ఆ తర్వాతి మార్చిలో నాజ్‌నీన్ మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి బళ్ళో లెక్కల టీచరు, మాట కూడా లెక్క ప్రకారమే ఉంటుంది. మహిళా దినోత్సవానికి మార్కెట్ యార్డు షెడ్డులో సభ పెడుతున్నారట. ఎనిమిదో తేదీ శివరాత్రి అడ్డం వచ్చిందని తొమ్మిదికి మార్చారట.

"మీ ఆడపేర్ల పాటలన్నీ అక్కడ పాడాలి తాతా. ఆ పేర్ల వాళ్ళను కూడా పిలుస్తాండాము" అంది.

నేను వెంటనే పాటల పట్టిక రాయడం మొదలుపెట్టాను. సైదాబీ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అన్నా, దాంట్లో నా పేరు ఉండాదా?" అని నన్ను అడిగింది.

నేను కలం ఆపాను. నూరప్ప గిటారు తీగ ఒకటి బిగించడం మొదలుపెట్టాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

"నేను ఆస్పత్రి బల్ల మీద పండుకున్నప్పుడు ఏమనుకున్నానో తెలుసునా అన్నా? మొగోని నోట నా పేరు ఒక్కసారన్నా ఇనకుండా పోతానేమో అనుకున్నా. వాళ్ళ పేరు పాడె, వీళ్ళ పేరు పాడె, కంది చేనిలో ఇంద్రాణి కోసరం నిలబడె. నేను ఈడనే ఉంటి, నలభై నాలుగేండ్లు. తొమ్మిదో తేదీ నా పేరు పాట పాడాల. అంతే."

"నీ కోసరమే కదమ్మే సెప్పనిది" అన్నాడు నూరప్ప. "మొన్ననే గుండెకు తీగ ఏసినారు. ఇప్పుడు నేను నోరు జారితే? నువ్వు లేకుంటే నేనేం కావాల?"

"పాడకుంటే గూడా నేను ఉండను. తనకల్లులో మా తమ్ముని ఇంటికి పోతా. పోయి మళ్ళీ రాను."

సైదాబీ ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆ రోజే గోనె సంచిలో నాలుగు చీరలు పెట్టి వాకిట్లో అందరికీ కనబడేట్టు ఉంచింది.

మిగిలిన వారం రోజులు నూరప్ప తప్పించుకునే దారులు వెతికాడు. మొదట 'నాజ్‌నీన్ అవ్వ' అనే పాట కట్టాడు. "అది నాజ్‌నీన్ పేరు" అని ఆమె కొట్టేసింది. తర్వాత పేరు వచ్చిన చోటల్లా నేను పాడతాను, ఆయన గిటారు మాత్రం వాయిస్తాడు అని ఒక ఏర్పాటు చేశాడు. నా గొంతు బాగానే ఉంటుంది కాబట్టి నేను సరేనన్నాను.

"వీరభద్రన్న నా పేరు పట్టుకోని పాడతాంటే నువ్వు పక్కన నిలబడి తాళం ఏస్తావా?" అంది సైదాబీ. దాంతో ఇద్దరమూ తల దించుకున్నాం.

మసీదు పెద్దాయన దగ్గరికి కూడా పోయాం. ఆయన గడ్డం నిమురుకుని, "ఇట్లాంటిది మన మతంలో యాడా లేదప్పా, నిమ్మళంగా పిలుచుకో" అన్నాడు.

"మతంలో లేకపోవచ్చు సామీ, మా ఇంట్లో ఉండాది" అన్నాడు నూరప్ప.

చివరికి నా పద్ధతినే ఆమె మీదకు తిప్పాడు. ఏడో తేదీ సాయంత్రం నేను అక్కడ ఉండగానే ఆమెతో అన్నాడు. "పేరు పాడాలంటే ఒప్పుకోలు కాగితం ఉండాల. ఇంటి యజమాని సంతకం ఎయ్యాల. ఈ ఇంటికి యజమాని నేను. నేను ఎయ్యను. అయిపాయె."

పద్ధతి ప్రకారం అది సరైన మాటే. నేను కూడా అవునన్నాను. సైదాబీ నా వైపు చూసి, "ఆ కాగితాల కట్ట ఒకసారి తే అన్నా" అంది.

తెచ్చాను. వేలిముద్రలు కూడా చెరిగిపోకుండా నలభై ఏళ్ళుగా భద్రపరిచిన కట్ట అది. చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె ఒక్కో కాగితం తిప్పింది. డ్వాక్రా సంఘంలో చేరాక నేర్చుకున్న చదువు ఆమెది, నెమ్మదిగా చదువుతుంది, కానీ ఏదీ వదలదు.

"కొండప్ప. ఇంద్రాణి మొగుడు. ఇదేమో కృపాకుమారమ్మ నాయన. ఇది అన్న. ఇదీ మొగుడే. ఇది మామ. అరవై ఒక్క కాగితాలు పెట్టినావు కదన్నా, వీటిల్లో ఆ పేరు గల మనిషి సంతకం ఒక్కటన్నా ఉండాదా?"

నేను కట్ట తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూశాను. లేదు. చేతిరాతలో బహుమతి వచ్చినవాణ్ణి, రెండుసార్లు కార్యదర్శిగా ఉన్నవాణ్ణి, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి నా మనసుకు రాలేదు. ఈ ఒక్కటి నా ఖాతాలో తప్పుగానే రాసుకుంటున్నాను.

"ఒక తెల్ల కాగితం ఇయ్యి" అంది ఆమె.

ఇచ్చాను. మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొన పళ్ళ మధ్య పట్టుకుని రాసింది. 'నా పేరు నాది. పాడేదానికి ఒప్పుకొంటిని. సైదాబీ.' నా నమూనాలో పంతొమ్మిది మాటలున్నాయి, ఆమెది ఒక్క గుక్కలో అయిపోయింది. నేను ముద్ర వేసి కట్టలో పెట్టాను. అరవై రెండు. నూరప్ప గిటారు తీసుకుని పెరట్లోకి పోయాడు.

తొమ్మిదో తేదీ సాయంత్రం నాలుగింటికే షెడ్డు నిండిపోయింది. అంతా ఆడవాళ్ళే. మగవాళ్ళం మేమిద్దరం, డ్రమ్ములు వాయించే ఒకాయన. ముందు రోజు శివరాత్రి జాగారం చేసి ఉన్నాను, అయినా మైకు పట్టుకున్నాక నాకు నిద్ర అనేది ఉండదు. ఇంద్రాణమ్మ మనవరాలితో వచ్చింది. ఆమె పాటకు ఈలలు పడ్డాయి. కృపాకుమారి గారు రిటైరయ్యారు, అయినా పాట వస్తుంటే లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఇరవై ఒక్క రోజుల ప్రశాంతి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. సైదాబీ ముందు వరసలో నీలం చీర కట్టుకుని కూర్చుంది. గోనె సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. ఆరున్నరకు తనకల్లు బస్సు.

"ఇప్పుడు ఆఖరి పాట. పాట పేరు సైదాబీ" అని ప్రకటించాను. ఈ పాటకు నాలుగు చరణాలు రాశాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు.

నూరప్ప మొదటి వాయింపు అందుకున్నాడు. చాలా తియ్యగా ఉంది. అయ్యాక పేరు రావాలి. రాలేదు. మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. మళ్ళీ పేరు దగ్గర ఆగాడు. ఇలా ఐదుసార్లు. వెనక వరసల వాళ్ళు పాటంటే ఇంతేననుకుని చప్పట్లు కొట్టారు.

"నూరప్పా, నోరు తెరువు" అన్నాను మెల్లగా.

"గొంతు దాకా వస్తాది శెట్టీ, ఆడ కూచుంటాది" అన్నాడు. మైకు దగ్గరగా ఉండటంతో అది అందరికీ వినపడింది. షెడ్డంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ముందు వరస వైపే చూస్తున్నాడు. "ఆమె సెయ్యి గుండె మీద పెట్టుకోని ఉండాది సూడు. నొప్పేమో."

ఆమె పైట సర్దుకుంటోంది అంతే. కానీ నూరప్ప గిటారు తీసి కుర్చీ మీద పెట్టేశాడు.

"మీరు నగితే నగండి. నేను పాడను. ఆమె పోతే తనకల్లుకు పోనీ, ఆడన్నా ఉంటాది. నాకు ఉంటే సాలు" అన్నాడు.

అప్పుడెవరూ నవ్వలేదు. సైదాబీ లేచింది. సంచి తీసుకుని బస్సుకు పోతుందనుకున్నాను. సంచి అక్కడే వదిలేసి మెట్లెక్కి వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"మైకు ఇయ్యన్నా."

ఇచ్చాను. ఆమె మైకును నోటికి ఆనించుకుని, బళ్ళో హాజరు పిలిచినట్టు పిలిచింది.

"నూర్ మహమ్మద్."

రెండు వందల మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా ఉలిక్కిపడి ఊపిరి లోపలికి లాగిన చప్పుడు నేను అప్పుడే విన్నాను. ఎవరో ముసలామె 'అయ్యో తల్లీ' అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మ ఏం సెప్పింది? మొగుడు పేరు పెడితే పెండ్లాం పోతాదని. మా అమ్మ ఏం సెప్పింది? పెండ్లాం పేరు పెడితే మొగుడు పోతాడని. నేను సెప్పేసినా. ఇప్పుడు నువ్వు సెప్పకుంటే నువ్వొక్కనివే పోతావు, నేను ఈడ ఉంటా. అది నీకు బాగుంటాదా? సెప్తే ఉంటే ఇద్దరం ఉంటాం, పోతే ఇద్దరం పోతాం. ఆలోచించుకో. బస్సుకు టైం ఉండాది."

నూరప్ప ఆలోచించాడు. ఆయనకు లెక్కలు రావు, కానీ ఈ లెక్క తెలిసింది. గిటారు మెడలో వేసుకున్నాడు. తీగ మీటకుండానే అన్నాడు.

"సైదాబీ."

తప్పిపోయిన మేకపిల్ల గొంతులా వచ్చింది. శ్రుతి లేదు, తాళం లేదు. ఆమె మైకులోనే "ఆఁ" అంది.

"సైదాబీ" అన్నాడు మళ్ళీ, ఈసారి తీగ మీటి.

"ఈడనే ఉండా, పాడు."

డ్రమ్ము అందుకుంది. సైదాబీ, సైదాబీ, సైదాబీ. నేను రాసిన నాలుగు చరణాల్లో ఒక్క ముక్క కూడా ఆయన నోటికి రాలేదు. ఆరు నిమిషాలు ఒక్క పేరే పాడాడు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి అడిగినట్టు, ఒకసారి అలిగినట్టు. పిలిచినప్పుడల్లా ఆమె పలికింది. "ఆఁ." "ఏంది?" "ఇన్నాలే." "ఇంకా ఉండా." ఆడవాళ్ళంతా కుర్చీల్లోంచి లేచారు. నా చరణాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అది అచ్చు వేయించదగ్గదని ఇప్పటికీ నా అభిప్రాయం.

పాట అయ్యాక నేను రెండు ముక్కలు ప్రసంగించబోయాను. మూడో వరసలోంచి ఒక గొంతు గట్టిగా వినపడింది.

"వీరభద్రయ్యా, మైకు తలకిందులుగా పట్టుకున్యావు."

అది మా ఇంటామె కన్యకమ్మ. పెండ్లినాడు గడప దగ్గర చెప్పాక, యాభై ఏళ్ళలో నా పేరు ఆమె నోట మళ్ళీ అదే వినడం. అది కూడా తప్పు చూపించడానికి. ఆ వెంటనే షెడ్డులో అక్కడా ఇక్కడా ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ, నవ్వుకుంటూ, ఇంట్లో ఉన్న మొగుళ్ళ పేర్లు పైకి అనడం మొదలుపెట్టారు. ఒకామె తన మొగుడి పేరు నాలుగుసార్లు అంది, నాలుగోసారి కాస్త కోపంగా.

తనకల్లు బస్సు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. సంచి మోసుకుని ఇంటికి తెచ్చింది నూరప్పే. ఆ వారమంతా ఆయన ఆమెను నీడలా కాపలా కాశాడు. దగ్గితే లేచేవాడు, తుమ్మితే నాకు కబురు పెట్టేవాడు. ఆమె ఏమీ కాలేదు, ఈయనా ఏమీ కాలేదు. ఏడాది దాటింది. అనంతపురంలో డాక్టరు పరీక్ష చేసి, గుండె ముందుకంటే బాగుందన్నాడు. అది మాత్రల వల్ల కావచ్చు. నేను వాదించను.

నలభై నాలుగేళ్ళ బాకీ ఒక్కసారిగా తీర్చుకుంటున్నట్టు నూరప్ప ఇప్పుడు అయినదానికీ కానిదానికీ పేరు పెట్టే పిలుస్తున్నాడు. సైదాబీ నీళ్ళు. సైదాబీ సూది యాడ పెట్టినావు. సైదాబీ, వాన వచ్చేట్టుండాది సూడు. వాన రాదు, పిలుపు మాత్రం వస్తుంది.

మొన్న ఆమె చింతపండు కోసం మా అంగడికి వచ్చి నాతో మొరపెట్టుకుంది. "అన్నా, ఆయప్పకు నువ్వన్నా సెప్పు. పొద్దున్నుంచి ముప్పైసార్లు పిలిచినాడు. పని సేసుకోనియ్యడు."

నేను సరే చెప్తానన్నాను. చింతపండు కట్టి ఇచ్చేలోపే వీధి చివరి నుంచి వినపడింది, పరుపు దుమ్ముతో బొంగురుపోయిన గొంతు.

"సైదాబీ."

నేను పొట్లం ఆమె చేతికి అందించాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, శెనగల మూట మీద సర్దుకుని కూర్చుంది.

"పోవా సైదమ్మా?" అని అడిగాను.

"పోతాలే అన్నా. ఇంకో నాలుగుసార్లు పిలవనీ" అంది.